పదిహేడో మంచం పళ్లెం

పళ్లెం ఖాళీగా వంటశాలకు తిరిగొస్తే రోగికి పథ్యం అందినట్టే లెక్క అని పై నుంచి ఉత్తర్వు వచ్చి ఏడాదైంది. ఆ ఏడాదిలో ఆ జిల్లా ఆసుపత్రి ఒక్క పూట కూడా ఒక్క మెతుకు మిగల్చలేదు. నూటికి నూరు. ఇంకే ఆసుపత్రికీ రాని అంకె. సూపరింటెండెంట్ గది బయట గోడకు ఆ అంకెను పటం కట్టించి తగిలించి, దానికి బంతిపూల దండ కూడా వేశారు. ఆసుపత్రి పేరెందుకు లెండి. ఉత్తరాంధ్రలో ఉంది, జూటు మిల్లు గోడకు ఆనుకుని ఉంది. అంతకు మించి చెబితే నాకు కూడా పథ్యం పెట్టేస్తారు.

ఆ ఆసుపత్రికి హైమ ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్‌కి వచ్చింది. పోషకాహారంలో ఎమ్మెస్సీ చదివింది. వయసు ఇరవై మూడేళ్లు, బరువు ముప్ఫై తొమ్మిది కిలోలు. పొద్దున హాస్టల్లో టీ, మధ్యాహ్నం రెండు బిస్కెట్లు, రాత్రి ఓపికుంటే అటుకులు. మిగతా సమయమంతా జనానికి సమతుల ఆహారం గురించి చెబుతూ ఉంటుంది.

రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయాలంటే ఈ ఆర్నెల్లూ పూర్తి చేయాలి, లాగ్‌బుక్‌లో ఇరవై కేసులు రాయాలి, ఒక్కో కేసు పక్కన డైటీషియన్ సంతకం పడాలి. పంతొమ్మిది అయిపోయాయి. ఇరవయ్యోది మాత్రం పెద్ద కేసు. ఒక రోగి చేరిన రోజు నుంచి ఇంటికి వెళ్లేదాకా వెన్నంటి ఉండి చూడాలి. చివర 'ఫలితం' అన్న గడిలో 'మెరుగు' అని పడాలి. పడకపోతే మళ్లీ ఏడాదికి గాని పరీక్ష లేదు. విశాఖలో ఒక ఆసుపత్రి వాళ్లు సర్టిఫికెట్ తెస్తే ఉద్యోగం ఇస్తామన్నారు గాని, ఏడాదిపాటు కుర్చీ ఖాళీగా అట్టే పెడతామని అనలేదు.

ఇరవయ్యో కేసుగా ఆమె వాటాకు వచ్చినవాడు నాలుగో వార్డు పదిహేడో మంచం సన్యాసప్పడు. జూటు మిల్లులో నలభై ఏళ్లు పనిచేసి దిగినవాడు. షుగర్ మూడు వందల పన్నెండు. కుడికాలి బొటనవేలికి మానని పుండు. షుగర్ దిగకపోతే వేలు తీసేయాల్సిందేనని సర్జన్ చెప్పేశాడు. హైమ మంచం పక్కన నిలబడి గంటసేపు పథ్యం వివరించింది. సన్యాసప్పడు ప్రతి మాటకూ తల ఊపాడు.

"నీ మాటే నా మాటమ్మా. నువ్వెలాగంటే అలాగే," అన్నాడు.

రెండు వారాలు గడిచాయి. పూటపూటకూ పళ్లెం కడిగినట్టు ఖాళీగా పోతోంది. షుగర్ మూడు వందల ఇరవైకి చేరింది. హైమ లెక్కలు మళ్లీ వేసింది, పుల్కా ఒకటి తగ్గించింది, దొండకాయ మార్చి బీరకాయ రాసింది. అయినా దిగలేదు. సర్జన్ వచ్చే సోమవారం వేలు తీసేస్తానని కాగితం మీద రాసి పెట్టాడు. ఇక ఉండబట్టలేక హైమ ఒకరోజు చెప్పా పెట్టకుండా భోజనాల వేళకు వార్డులోకి వెళ్లింది.

మంచం మీద సన్యాసప్పడు స్టీలు క్యారియర్ విప్పుకుని తెల్లన్నంలో నెత్తళ్ల చేపల పులుసు కలుపుతున్నాడు. కింద చాప మీద ఆయన భార్య పోలమ్మ ఆసుపత్రి పళ్లెం ముందు పెట్టుకుని గోధుమరవ్వ, చప్పిడి పప్పు, బీరకాయ కూర బుద్ధిగా తింటోంది.

"అయ్యో, ఇదేంటమ్మా? ఆ పళ్లెం ఆయనది కదా!" అంది హైమ.

"మా మావదేనమ్మా. అయితే ఏటి?" అంది పోలమ్మ. "జబ్బు మనిసి సప్పిడి కూడు తింటే లెగుస్తాడేటి? సత్తువుండాల గదా. ఇంటికాణ్నించి మా కూతురు పులుసు అంపుతాది."

"మరి ఇది మీరెందుకు తింటున్నారు?"

"ఒలమ్మ! అన్నం పారేత్తే పాపం కాదేటి? అయినా మంచానికి కాపలా ఉన్న దాన్ని, నాకిక్కడ కూడెవులు ఎడతారు?"

హైమ తలెత్తి చూసింది. ముప్ఫై మంచాల మీద ముప్ఫై క్యారియర్లు. మంచాల కింద ముప్ఫై మంది పథ్యం తింటున్నారు. గోడకు దండ వేసిన అంకె ఎలా వచ్చిందో ఆమెకు అప్పుడు అర్థమైంది.

వెంటనే చీఫ్ డైటీషియన్ మాణిక్యాంబ గారి దగ్గరకు పరిగెత్తింది. మాణిక్యాంబ గారిది ముప్ఫై ఏళ్ల సర్వీసు. ఇంట్లో మనవణ్ని కూడా 'సదరు పిల్లవాడు' అంటారని వార్డుల్లో చెప్పుకుంటారు. హైమ చెప్పిందంతా విని ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడమ్మా, ఫారంలో 'పళ్లెము ఖాళీ అయినదా' అని ఒక గడి ఉంది. 'ఎవరు ఖాళీ చేసిరి' అన్న గడి ఉందా?"

"లేదు మేడమ్."

"లేని గడిని నింపకూడదు. మొదటి నెలలోనే ఈ పాఠం నేర్చుకోవలసింది."

హైమ మొండిది. అటూ ఇటూ ఆరా తీసింది. పోలమ్మకు కూడా షుగర్ ఉందట. మంచం పక్కకు వచ్చిన రోజున రెండు వందల ముప్ఫై ఆరు. ఇప్పుడు చూస్తే నూట ఇరవై ఎనిమిది! పథ్యం పనిచేస్తోందన్నమాట. కాకపోతే మంచం కింద పనిచేస్తోంది. ఇదంతా ఒక పేజీలో రాసి, చివర ఒక వాక్యం చేర్చింది. తోడు వచ్చినవాళ్లకు కూడా నాలుగు ముద్దలు పెడితే రోగి పళ్లెం రోగికి మిగులుతుంది, తర్వాత క్యారియర్ సంగతి నేను మాట్లాడి ఒప్పిస్తాను అని రాసి సూపరింటెండెంట్ ఆఫీసులో ఇచ్చింది. పిచ్చిపిల్ల, ఆ చివరి వాక్యం ఎవరైనా చదువుతారనుకుంది.

మర్నాడే ఆహార సార్థకతా సమీక్షా సంఘం సమావేశమైంది. అధ్యక్షుడు సూపరింటెండెంట్ డాక్టర్ పరంజ్యోతి. ఆయన కాగితం చదివి, బల్ల చుట్టూ ఉన్న ఏడుగురినీ చూసి చిరునవ్వు నవ్వారు.

"సంతోషకరమైన పరిణామం. సదరు పథ్యమును భుజించిన వ్యక్తికి చక్కెర శాతము గణనీయముగా తగ్గినది. అనగా పథ్యంలో లోపం లేదు. వంటలో లోపం లేదు. రోగిని గుర్తించడంలోనే పొరపాటు జరిగింది."

ఏడుగురూ రాసుకున్నారు. వెనక నిలబడ్డ హైమకు నోరు ఆగలేదు.

"సార్, జబ్బు ఆయనది. వేలు పోయేది ఆయనకి."

"అమ్మాయీ, జబ్బు ఎవరిదన్నది వైద్య విభాగం చూసుకుంటుంది. ఇది ఆహార విభాగం."

"పోనీ, తోడు వచ్చినవాళ్లకి కాస్త అన్నం..."

"దానికి నిబంధన లేదు," అన్నారు మాణిక్యాంబ గారు.

సాయంత్రానికి సర్క్యులర్ గోడకెక్కింది. 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, పథ్యమును ఎవరు భుజింతురో వారే రోగి. పథ్యమును భుజింపక మంచముపై ఉండువారు సహాయకులు. రికార్డులను తదనుగుణముగా సరిచేయవలెను.' ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, మర్నాడు తెల్లారేసరికి వార్డంతా సరిచేసేశారు. ముప్ఫై మంది మంచాల మీంచి దిగారు, కింద ఉన్న ముప్ఫై మంది ఎక్కారు.

పోలమ్మ పదిహేడో మంచం ఎక్కి కాళ్లు చాపుకుంది. "పెళ్లైన నలబై ఏళ్లకి పగటిపూట మంచమెక్కినానమ్మా. ఎంత సుకంగా ఉన్నాదో!" అంది హైమతో. సన్యాసప్పడికి గులాబీరంగు సహాయకుడి పాసు ఇచ్చారు. ఆరు గంటలకు గంట కొట్టగానే వాచ్‌మన్ కర్రతో వచ్చాడు.

"ఏయ్, పెద్దాయనా! టైమైపోనాది. సహాయకులంతా బయట షెడ్డులోకి నడండి."

"బాబూ, నానే పేసెంటుని. కాలు చూడు, కట్టుంది."

"కట్టు సంగతి నాకెందుకు? పాసు మీద ఏటి రాసుంది? సహాయకుడని రాసుంది. నడు, నడు."

సన్యాసప్పడు కుంటుకుంటూ షెడ్డులోకి పోయాడు. హైమకు ఏడుపొచ్చింది. కేసు పోయింది సరే, ఆ ముసలాయన వేలు ఏం గాను?

సోమవారం సర్జన్ కత్తులన్నీ సిద్ధం చేసుకుని పదిహేడో మంచం రోగిని తెమ్మన్నాడు. పోలమ్మను తెచ్చారు. ఆవిడ వేళ్లు పదీ బాగానే ఉన్నాయి. అసలు మనిషిని తెమ్మంటే గులాబీ పాసు మనిషి వచ్చాడు. సర్జన్ పాసును తిప్పి తిప్పి చూసి, చేతి తొడుగులు విప్పేశాడు. సహాయకుడి వేలు కోసే అధికారం తనకు లేదన్నాడు. అలా ఆ వేలు ఆ వారానికి బతికింది.

అసలు విచిత్రం ఆ తర్వాత మొదలైంది. కూతురు పంపే క్యారియర్ పన్నెండింటికి ఎప్పటిలాగే వచ్చింది. సన్యాసప్పడు దాన్ని విప్పి, మంచం మీద ఉన్న పోలమ్మ ముందు పెట్టాడు.

"నువ్వు తిను మావా, నీకిట్టం గదా," అంది పోలమ్మ.

"సాల్లే! మంచం మీద మనిసి ముందల తినాల. నలబై ఏళ్లు నాకు వొండి ఎట్టినావు. నువ్వు మంచమెక్కినాక నీకో ముద్ద ఎట్టకపోతే నాను మనిసినేటి?" అన్నాడు సన్యాసప్పడు. అని, ముద్ద కలిపి చేతికిచ్చాడు. పోలమ్మ మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది, తర్వాత పులుసంతా జుర్రుకుని తింది. ఆసుపత్రి పళ్లెం మిగిలిపోయింది. పారేస్తే పాపం కదా. సన్యాసప్పడు చాప మీద కూర్చుని గోధుమరవ్వ, చప్పిడి పప్పు, బీరకాయ కూర తినేశాడు.

పూటపూటకూ అదే వరస. మాత్రలు మాత్రం నర్సమ్మ పాత అలవాటు కొద్దీ ఆయన చేతిలోనే పోసేది. మూడు వారాలకు సన్యాసప్పడి షుగర్ నూట అరవైకి దిగింది. పుండు అంచులు ఎండడం మొదలెట్టాయి. పోలమ్మ షుగర్ రెండు వందల అరవైకి ఎక్కింది.

హైమ ఆ రెండు అంకెలనూ చూసుకుంటూ మెట్ల మీద కూలబడింది. రోగి అని ఎవరి పేరు రాస్తే వాళ్లకు షుగర్ పెరుగుతోంది. సహాయకుడు అని ఎవరి పేరు రాస్తే వాళ్లకు తగ్గుతోంది. నెలాఖరుకు మళ్లీ సంఘం కూర్చుంటుంది. ఈ అంకెలు చూస్తే 'రోగిని గుర్తించడంలో మళ్లీ పొరపాటు' అంటుంది. సన్యాసప్పణ్ని మళ్లీ మంచం ఎక్కిస్తారు, మంచమెక్కితే నెత్తళ్ల పులుసు వస్తుంది, పులుసు వెనకాలే సర్జన్ వస్తాడు. సన్యాసప్పడికి మెరుగు అని నిజం రాస్తే ఆమెకు సంతకం పడుతుంది, ఆయన వేలు పోతుంది. రాయకపోతే ఏడాది పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

లేచి తిన్నగా డ్యూటీ డాక్టరు దగ్గరకు వెళ్లింది. "సార్, నన్ను అడ్మిట్ చేసుకోండి," అంది.

ఆయన తలెత్తి ఆమెను చూశాడు. కనురెప్ప కిందకు లాగి చూశాడు. రక్తం తీయించాడు. హీమోగ్లోబిన్ ఎనిమిది. "వార్డులో పేషెంట్ల కంటే నువ్వే నీరసంగా ఉన్నావు. ఇన్నాళ్లూ ఎందుకు చేరలేదు?" అని కసిరి చీటీ రాశాడు. పదిహేడో మంచమే అడిగి రాయించుకుంది; ఆ మంచానికి ఇక రోగి హైమ. సహాయకులు ఇద్దరు, పోలమ్మ, సన్యాసప్పడు. ఇరవయ్యో కేసుగా ఆ రోగికి పథ్యం రాసే ఇంటర్న్ ఎవరంటే, హైమ. ఆమె తనకు తాను షుగర్ పథ్యం, రెండు వంతులు అని రాసుకుంది. వంటశాలలో ఎవరూ ఎందుకని అడగలేదు. అడిగే గడి ఫారంలో లేదు.

ఇక చూడాలి ఆ సంబడం! పన్నెండింటికి క్యారియర్ వస్తుంది. "ఆడగుంట కర్రముక్కయిపోనాది పాపం, తినమ్మా, ఇంకో ముద్ద," అంటూ పోలమ్మ హైమకు పులుసన్నం కలిపి పెడుతుంది. రెండు వంతుల పళ్లెం మొగుడూ పెళ్లాలు చెరి సగం తినేస్తారు. పళ్లెం ఖాళీగా పోతుంది.

పొద్దున తొమ్మిదింటికి మాణిక్యాంబ గారు రౌండ్స్‌కి వచ్చేవారు. హైమ మంచం దిగి, తెల్లకోటు తొడుక్కుని, లాగ్‌బుక్ పట్టుకుని ఆవిడ వెనక చేరేది.

"పదిహేడో మంచం. చెప్పు," అన్నారావిడ మొదటిరోజు.

"ఇరవై మూడేళ్ల స్త్రీ, మేడమ్. రక్తహీనత, తక్కువ బరువు. కారణం, భోజనం వేళకు చేయకపోవడం."

"చదువుకున్నవాళ్లు కూడా ఇంత నిర్లక్ష్యమా! రోగి ఏది? మంచం ఖాళీగా ఉంది?"

"ఇంటర్న్‌షిప్‌కి వెళ్లింది, మేడమ్."

"తిరిగి రాగానే గట్టిగా కౌన్సెలింగ్ ఇవ్వు," అని మాణిక్యాంబ గారు పద్దెనిమిదో మంచానికి కదిలారు. హైమ ఆ సాయంత్రం మంచమెక్కి, తనకు తాను గట్టిగా కౌన్సెలింగ్ ఇచ్చుకుంది. పోలమ్మ వింటూ కూర్చుని, "బాగా సెప్పినావమ్మా, ఇనుకోమను," అంది.

నెలాఖరు వచ్చింది. సన్యాసప్పడి షుగర్ నూట ముప్ఫై ఎనిమిది, వేలి పుండు మానింది. పోలమ్మది నూట ఇరవై నాలుగు. హైమ నలభై మూడు కిలోలకు వచ్చింది, రక్తం పదిన్నర అయింది. ఒక్క మంచం మీద ముగ్గురు బాగుపడడం ఆ ఆసుపత్రి ఎరగదు. పరంజ్యోతి గారు పైకి ఫోన్ చేశారు. పైవాళ్లు పొంగిపోయి, ఇంత గొప్ప ఫలితం సాధించిన డైటీషియన్ పేరు సాయంత్రం అయిదులోగా పంపమన్నారు. హైమ లాగ్‌బుక్ గడువు కూడా అదే అయిదు.

సంఘం హడావుడిగా కూర్చుంది.

"డైటీషియన్ ఎవరు?" అన్నారు పరంజ్యోతి గారు.

"ఈ అమ్మాయి రోగి. రోగి తన కేసు తానే రాసుకొనుట నిబంధనలకు విరుద్ధం. కనుక ఈమె కాజాలదు," అన్నారు మాణిక్యాంబ గారు.

"మరి మీరా?"

"నేను ఆ మంచం మీద రోగిని ఏనాడూ చూడలేదు. ఎప్పుడు వెళ్లినా మంచం ఖాళీగానే ఉంది." ఆ మాట మాత్రం ఆవిడ నిజమే చెప్పారు.

పరంజ్యోతి గారు కాసేపు కళ్లు మూసుకుని తెరిచారు. "మన సర్క్యులరే మనకు దారి చూపుతోంది. భుజించువారు రోగి అయినప్పుడు, భుజింపజేయువారే డైటీషియన్. ఈ రోగికి ముద్ద కలిపి పెట్టినది ఎవరు?"

పోలమ్మను పిలిపించారు. ఆవిడ కొంగు నడుముకు దోపుకుని వచ్చి, సంగతేమిటో తెలియక అందరికీ దండాలు పెట్టింది. అయిదు నిమిషాల్లో ఆవిడ ఆ ఆసుపత్రికి గౌరవ డైటీషియన్ అయిపోయింది. పదిహేడో మంచానికి సంబంధించిన సకల కాగితాల మీద సంతకం చేసే అధికారం కూడా దఖలు పడింది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో తనకు రాని శాలువా పోలమ్మ భుజాల మీద పడుతుంటే మాణిక్యాంబ గారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.

హైమ లాగ్‌బుక్ పట్టుకుని మాణిక్యాంబ గారి ముందు నిలబడింది. "మేడమ్, నా ఇరవయ్యో కేసు. సంతకం..."

"పదిహేడో మంచం కదా? సంబంధిత డైటీషియన్ చేత చేయించుకో," అన్నారావిడ.

గడియారం నాలుగున్నర చూపిస్తోంది. హైమ వార్డులోకి ఉరికింది. పోలమ్మ శాలువా మడిచి తలగడ కింద పెట్టి, సామాన్లు సంచిలో సర్దుతోంది. సన్యాసప్పడు పది వేళ్లున్న కాళ్లకు చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఆ రోజు ఇంటికి పోతున్నారని కూతురు క్యారియర్ పంపలేదు. మధ్యాహ్నం వచ్చిన ఆసుపత్రి పళ్లెం, ఇంటికెళ్లి తిందామని ఇద్దరూ ముట్టకపోవడంతో, బల్ల మీద మూతపెట్టి అలాగే ఉంది.

"అమ్మా, ఇక్కడ మెరుగు అని రాసి, మీ పేరు రాయాలి. తొందరగా, అయిదింటికి పంపేయాలి," అంది హైమ.

పోలమ్మ పెన్ను అందుకుంది. రాత్రిబడిలో తన పేరు రాయడం ఎప్పుడో నేర్చుకుంది. పెన్ను కాగితం మీద ఆనించబోయి ఆగింది. హైమ మొహంలోకి చూసింది.

"మద్దేనం ఏటి తిన్నావు?"

"టీ తాగాను," అంది హైమ.

పోలమ్మ పెన్ను పక్కన పెట్టేసింది. పళ్లెం మీది మూత తీసి, హైమ ముందుకు జరిపింది. "ముందల ఇది కాళీ సెయ్యి. సంతకం తరవాత."

"అమ్మా, టైము..."

"టైము సంగతి నాకెందుకు? డైటీసను నానా, నువ్వా?"

హైమ మంచం అంచున కూర్చుని గబగబా ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆగిపోయింది. ఆర్నెల్లుగా ఇరవై మంది రోగులకు రోజుకు రెండు పూటలా తన చేత్తో రాసిన పథ్యం అది. నాలుక మీద పెట్టుకోవడం ఇదే మొదటిసారి. చప్పిడి పప్పు గొంతులో అడ్డం పడింది. గోధుమరవ్వ ఉండకట్టి ఎంత నమిలినా నలగలేదు.

"ఉప్పు లేదు," అంది నీళ్ల కళ్లతో.

"నువ్వే రాసినావు గదమ్మా," అంది పోలమ్మ.

సన్యాసప్పడు మంచినీళ్ల గ్లాసు అందించాడు. "నెమ్మదిగా తినమ్మా. నాలుగు పూటలైతే అలవాటైపోద్ది. మాకవ్వలేదేటి?" అన్నాడు.

హైమ తింది. ప్రతి ముద్దకూ ఒక రోగి మొహం గుర్తొచ్చింది. బీరకాయ కూర కూడా వదలకుండా వేలితో తుడుచుకుని తింది. పోలమ్మ పళ్లెం వంచి చూసి, పెన్ను తీసుకుని, నాలుక కొంచెం బయటపెట్టి, ఒక్కొక్క అక్షరమే దిద్దుకుంటూ తన పేరు రాసింది. 'ఫలితం' గడిలో ఏం రాయాలో హైమను అడగలేదు. 'తిన్నాది' అని రాసి ఇచ్చింది.

అయిదింటికి రెండు నిమిషాలు ఉందనగా లాగ్‌బుక్ వెళ్లిపోయింది. వంటశాల మనిషి బండి తోసుకుంటూ వచ్చి, పదిహేడో మంచం పళ్లెం కూడా ఖాళీయే అని రిజిస్టర్‌లో టిక్కు పెట్టుకున్నాడు. రోగి తిని ఖాళీ చేసిన పళ్లెం ఆ ఆసుపత్రిలో అదొక్కటే. ఆ సంగతి రాసుకోవడానికి మాత్రం అతని ఫారంలో గడి లేదు.